మద్రాసు మెరీనా అక్వేరియం

మద్రాసు మెరీనా ఒడ్డున 1909 అక్టోబరులో తెరిచిన సముద్ర జీవుల ప్రదర్శనశాల ఇది. దేశంలో ప్రజల కోసం ఏర్పడిన తొలి అక్వేరియం. ఆలోచన ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్‌ది. ఆ ఏడే ఏడు సంపుటాలుగా వెలువడిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంతోనే ఆయన పేరు నిలిచింది గానీ, అంతకు ముందే మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పలను, శంఖాలను వెతుకుతూ తిరిగిన మనిషి. అప్పటి పరిపాలన లెక్కన తెలుగు సీమకూ ఈ అక్వేరియం సొంత సంస్థే. ఉదాహరణకు, 1970లో ప్రకాశం జిల్లాలో చేరిన పెద్దారవీడు, అంతదాకా కర్నూలు జిల్లా మార్కాపురం తాలూకాలోది. అక్కడి రైతు కట్టిన శిస్తు చేరింది మద్రాసు ఖజానాకే. సముద్రం ముఖం చూడని మెట్ట ఊళ్లకు చేపల అద్దాల గదులతో పనేమిటని అడగవచ్చు. జాలరికి చేపలు కొత్త కాదు. ఇలాంటి శాల అవసరం అసలు మెట్టవాడికే. పైగా మార్కాపురం పలకల రాయి, వందకోట్ల ఏళ్లకు పైబడిన నాటి సముద్రపు అడుగున పేరుకున్న బురదే.

ఈ సంస్థను యుద్ధం మింగిందని చెప్పడం వాడుక. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి, మద్రాసు ఖాళీ అయింది, ఆ ఏడే అక్వేరియం మూతపడింది. ఇది నిజమే, కానీ మూత పడటానికి మాత్రమే కారణం. మళ్లీ తెరుచుకోకపోవడానికి కాదు. 1870లలో ఆంటన్ డోర్న్ స్థాపించిన నేపుల్స్ జంతుశాస్త్ర కేంద్రం ఉన్న నగరం మీద అంతకంటే భయంకరమైన బాంబుదాడులు జరిగాయి. మద్రాసు తెరుచుకున్న ఐదు నెలలకు, 1910 మార్చిలో, మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ ప్రారంభించిన సముద్రశాస్త్ర మ్యూజియమూ ఆ యుద్ధంలో ఆక్రమణ చూసింది. ఆ రెండూ నేటికీ నడుస్తున్నాయి. రాజుగారి డబ్బుతో పరాయి పాలన కింది రాజధానికి పోలికేమిటన్న అభ్యంతరంలో బలముంది. అయితే ఆల్బర్ట్ ఇచ్చింది డబ్బొక్కటే కాదు. తన ఓడల మీద పోగుచేసిన నమూనాలు, వాటి మీద పనిచేసే శాస్త్రవేత్తలు, నిర్వహణకు ఒక సంస్థ, అన్నీ ఒకే కప్పు కిందికి చేర్చాడు. నేపుల్స్‌లో చేపలను చూడవచ్చిన జనం ఇచ్చే రుసుము పై అంతస్తు పరిశోధనకు ఆసరాగా ఉండేది.

మద్రాసులో తెగింది ప్రదర్శననూ పరిశోధననూ కలిపే ఆ ముడే. జనం ఎగ్మూరు మ్యూజియాన్ని ‘చచ్చిన కాలేజీ’ అని, జంతు ప్రదర్శనశాలను ‘బతికిన కాలేజీ’ అని పిలుచుకునేవారు. ఆ లెక్కన అక్వేరియం, చచ్చిన కాలేజీకి పుట్టిన బతికిన బిడ్డ. సముద్ర పరిశోధన నౌక ఛాలెంజర్ తెచ్చిన పీతజాతుల మీద 1888లో నివేదిక రాసిన జె.ఆర్. హెండర్సన్ తరవాత ఆ మ్యూజియానికి అధిపతి అయ్యాడంటే, తల్లి సంస్థకు విద్యాబలం తక్కువేం లేదు. 1919లో బిడ్డను మత్స్యశాఖకు అప్పగించారు. ఆ శాఖలో జేమ్స్ హార్నెల్ వంటి పండితుడున్నాడు కదా అనవచ్చు. ఉన్నాడు, కానీ శాఖ కళ్లు శంఖాల మీద, ముత్యాల మీద, చేపనూనె మీద, అంటే రాబడినిచ్చే సముద్రం మీద. అది తప్పు కాదు, శాఖ ఉన్నదే అందుకు. మెరీనా తొట్లు మాత్రం పక్కపని అయ్యాయి. మ్యూజియం వారి సముద్ర పరిశోధన కూడా రాజధాని తీరాన్ని వదిలి పాంబన్ దగ్గరి క్రూసడై దీవికి వెళ్లింది; అక్కడి తీరజీవుల మీద 1927లో వచ్చిన సంపుటి మ్యూజియం సూపరింటెండెంట్ ఎఫ్.హెచ్. గ్రేవ్లీ కాలపు పని. ఆనాటికే మెరీనాలో చూపు మిగిలింది, చదువు వేరే చోట సాగింది. 1947 ఫిబ్రవరిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ మద్రాసులోనే మొదలైంది. రెండేళ్లకు అదీ పాంబన్ దగ్గరి మండపం ఊరికి తరలిపోయింది.