చెట్టు కల్లు, మందు కల్లు

సూర్యాపేట, ఆత్మకూర్ (ఎస్) పరిసరాలతో సహా పాత నల్లగొండ జిల్లా పల్లెల్లో గౌడ మోకు, ముత్తాదు బిగించుకొని తాడెక్కి, గెల కొనను పలుచగా గీసి లొట్టి కట్టి దించే కల్లు కొద్ది గంటల్లోనే పులిసిపోతుంది కనుక, నిల్వ ఉండని, దూరం పోని ఆ స్వభావమే తాగుడుకు చాలాకాలం ఒక హద్దుగా నిలిచింది. నిజాం పాలనలో ఆబ్కారీ, అనగా మత్తుపానీయాలపై వసూలు చేసే పన్ను, ఖజానాకు పెద్ద ఆదరువు కావడంతో చెట్టుపై పెత్తనం కంట్రాక్టర్లకు దక్కింది.

అసలు మలుపు పన్నులో కాదు, పొడిలో ఉంది. చెట్లకు దూరంగా, పట్టణాల్లో గిరాకీ పెరిగినచోట నీళ్లలో శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం, ఆల్ప్రజోలం కలిపి కల్లు పేరుతో అమ్మే పద్ధతి పాతుకుపోయింది. వీటిలో క్లోరల్ హైడ్రేట్ 1869 నుంచి వైద్యంలో నిద్రకు వాడినదే. డయాజిపాం, ఆల్ప్రజోలం ఆందోళన తగ్గించే మాత్రలు. మెదడు ఉద్రేకాన్ని అణచే గాబా అనే రసాయనం ప్రభావాన్ని ఈ మూడు మందులూ పెంచుతాయి. రోజూ పడుతుంటే మెదడు వాటికి అలవాటుపడి, నిన్నటి మోతాదు నేడు చాలదు. దీన్నే వైద్యులు సహనం అంటారు. పొద్దు వాలగానే కాళ్లు దుకాణం వైపు లాగడం, కూలి డబ్బులో కల్లు వాటా ముందే తీసిపెట్టడం, ఇంట్లో అడిగితే కస్సుమనడం వ్యసనానికి పైకి కనిపించే గుర్తులు. కానీ ఈ తాగుబోతు స్థితి విచిత్రమైనది: తాను దేనికి బానిసయ్యాడో అతనికే తెలియదు; స్వచ్ఛమైన చెట్టు కల్లు పోస్తే నిషా లేదని, అదే కల్తీదని నిందిస్తాడు.

లోపలి గుర్తులు బయటపడేది సరఫరా ఆగినప్పుడే. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోనూ, 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదులోనూ నిద్రపట్టక, చేతులు వణికి, లేనివి కనిపించి, ఫిట్స్ వచ్చి ఎందరో ఆసుపత్రులకు చేరారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కిటకిటలాడింది. మందు విరమించినప్పుడు కలిగే ఈ అవస్థను ఉపసంహరణ లక్షణాలంటారు. అణచివేత ఒక్కసారిగా తొలగడంతో మెదడు అదుపు లేకుండా ఉద్రేకించడమే దీని మూలం కాగా, చూసేవారికి మాత్రం అది పిచ్చిగానో, గాలి సోకడంగానో తోచడం సహజం. హఠాత్తుగా మాన్పిస్తే ప్రాణానికే ముప్పు గనుక, దుకాణదారు లెక్క లేకుండా కలిపిన డయాజిపాం కోవ మందునే వైద్యులు లెక్క కట్టి ఇచ్చి, కొద్ది కొద్దిగా తగ్గిస్తూ వస్తారు.