పాఠంలో పిట్టకథ

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల పల్లెల్లో ధర్మరాజు గుడి ముందర భారతం చెప్పించే ఆచారం ఉన్నది. పగలు హరికథ, రాత్రి వీథినాటకం. శ్రోతలు కునుకుతున్నారని తోచగానే హరిదాసు ఒక పిట్టకథ అందుకొంటాడు. అందరూ నవ్వుకొని నిటారుగా కూర్చుంటారు. అసలు కథ మళ్ళీ సాగుతుంది. పాఠ్యపుస్తకాలు వ్రాసేవారు కూడా ఈ ఉపాయాన్నే పట్టుకొన్నారు. అయితే చదువులో ఇది ఎంతవరకు పనిచేస్తుంది?

ఈ ప్రశ్న కొత్తది కాదు. అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ 1913లో ప్రకటించిన గ్రంథంలో, ఆసక్తి విషయంలోనుంచే పుట్టాలిగాని పైనుంచి పూయరాదని వాదించాడు. ఆ వాదానికి ప్రయోగ నిదర్శనం చాలాకాలానికిగాని లభించలేదు.

1989లో రూత్ గార్నర్, ఆమె సహచరులు కీటకాలను గురించిన చిన్న పాఠాన్ని రెండు విధాలుగా తయారుచేశారు. ఒకదానిలో ప్రధాన విషయాలు మాత్రమే ఉన్నవి. రెండవదానిలో, వెల్లకిలా పడిన ఒక పురుగు టిక్కుమని చప్పుడు చేస్తూ పైకెగిరి సరిగా నిలబడుతుందన్నటువంటి ముచ్చట్లు చేర్చారు. ముచ్చట్లు చదివినవారికి ప్రధాన విషయాలు తక్కువగా గుర్తున్నవి. వీరు పసిపిల్లలు కారు. ఉన్నతవిద్య చదువుతున్న పెద్దలు.

దీనికి కారణమేమిటి? ముచ్చట దృష్టిని లాగివేస్తుందా? విషయాల మధ్య లంకెను తెంచుతుందా? 1998లో షానన్ హార్ప్, రిచర్డ్ మేయర్ అనే మనశ్శాస్త్రజ్ఞులు మెరుపు ఎట్లా పుడుతుందో తెలిపే పాఠంతో ఈ ఊహలను పరీక్షించారు. అందులో పిడుగుపాటు ఉదంతాలను చేర్చారు. ముఖ్యవాక్యాలను దట్టమైన అక్షరాలలో అచ్చువేసినా నష్టం తగ్గలేదు. విషయక్రమాన్ని సూచించే మాటలు చేర్చినా తగ్గలేదు. ఉదంతాలను పాఠం చివరకు జరిపినప్పుడు మాత్రం మేలు కనిపించింది. అనగా మొదట తగిలిన ముచ్చట చుట్టూనే చదువరి తక్కిన విషయాలను అల్లుకొంటాడు. వేడిగాలి పైకి లేవటం, మేఘంలో విద్యుదావేశాలు వేరుపడటం అన్న కారణపరంపర జారిపోతుంది. పిడుగు మనుషులను చంపుతుందన్న మాట ఒక్కటే నిలుస్తుంది.

2020లో యాభైకి పైగా పరిశోధనలను కలిపి చూసినప్పుడు కూడా నష్టమే తేలింది. అయితే అది అన్ని సందర్భాలలోనూ ఒకే మోతాదులో లేదు.

హరిదాసుకు లేని చిక్కు ఉపాధ్యాయునికి ఇక్కడే వస్తుంది. శ్రోతలకు భారతకథ ముందే తెలుసు; పిట్టకథ వారిని దారి తప్పించదు. విద్యార్థికి దారే కొత్తది.

చంద్రగిరి కోట పాఠాన్ని తీసుకొనండి. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుగొండకు, పిమ్మట చంద్రగిరికి ఎందుకు తరలిందో చెప్పదలచినప్పుడు, అక్కడి రాజమహలును కర్ర వాడకుండా కట్టారన్న ముచ్చటతో మొదలుపెడితే చివరకు అదే మిగలవచ్చు. కట్టడపు పనితనం చెప్పదలచినప్పుడైతే అదే ప్రధానాంశం. కర్ర లేకుండా కప్పు ఎట్లా నిలిచిందన్న ప్రశ్నలోనుంచే పాఠం పుడుతుంది. కనుక ముచ్చటను వెలివేయనక్కరలేదు. అది కారణాల గొలుసులో ఒక లంకె అవునా, కాదా అని చూడాలి. కాకపోతే, పాఠం ముగిసిన తరువాత చెప్పవచ్చు.