మిర్యాము నుంచి లూర్దమ్మ వరకు

తెలుగు బైబిలులో మోషే సోదరి పేరు మిర్యాము. యేసుక్రీస్తు తల్లి పేరు మరియ. ఇవి వేర్వేరు పేర్లని పాఠకుడు భావించడం సహజం. ఉర్దూ బైబిలులో మాత్రం ఇద్దరి పేరూ మరియమే. నిజానికి ఉన్నది ఒకే హీబ్రూ నామం. పాత నిబంధనకు మూలం హీబ్రూ, కొత్త నిబంధనకు మూలం గ్రీకు కావడంతో ఒకే పేరు తెలుగులోకి రెండు ద్వారాల గుండా ప్రవేశించింది.

ఈ రెండింటిలో హీబ్రూ గ్రంథంలోని రూపమే ప్రాచీనమని ఎవరికైనా తోస్తుంది. భాషాచరిత్ర చెప్పేది వేరు. ప్రాచీన హీబ్రూ లేఖనంలో ప్రధానంగా హల్లులే ఉండేవి. ఈ పేరు మ, ర, య, మ అనే నాలుగు హల్లుల సముదాయం. అచ్చులను తెలిపే గుర్తులను క్రీ.శ. 7-10 శతాబ్దాల మధ్య మసోరెతులనే యూదు పండితులు చేర్చారు. అప్పటికి మొదటి అక్షరంలోని అకారం ఇకారంగా మారిపోయింది. అంతకు దాదాపు వెయ్యేళ్ల ముందు, క్రీ.పూ. 3వ శతాబ్దంలో, అలెగ్జాండ్రియాలో ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి అనువదించినవారు మోషే సోదరిని 'మరియమ్' అనే రాశారు. సిరియాక్, అరబ్బీ భాషలూ ఆ అకారాన్నే నిలుపుకున్నాయి. కనుక హైదరాబాదు పాతబస్తీలో వినిపించే 'మరియం' అనే పిలుపు, మిర్యాము అనే గ్రంథస్థ రూపం కంటే పురాతనమైన ఉచ్చారణకు దగ్గరగా ఉన్నది.

అర్థం విషయంలో మాత్రం పండితులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు. 'మర్' అంటే చేదు. ఐగుప్తు దాస్యపు చేదు రోజులలో పుట్టిన బిడ్డ కనుక ఆ పేరు వచ్చిందని యూదు వ్యాఖ్యాతల సంప్రదాయం. తిరుగుబాటు అనే అర్థమిచ్చే ధాతువుతో ముడిపెట్టినవారూ ఉన్నారు. ప్రాచీన ఈజిప్టు భాషలో ప్రేమను తెలిపే 'మ్ర్' ధాతువు నుంచి వచ్చి ఉండవచ్చునన్నది మరొక వాదం. మోషే, ఫీనెహాసు వంటి లేవీ వంశీయుల పేర్లకు ఈజిప్టు మూలాలే ఉన్నాయి కనుక ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. బానిసల ఇంట పుట్టిన పిల్లకు యజమానుల భాషలో ముద్దుపేరు పెట్టారన్నది వినడానికి ఇబ్బందిగా ఉన్నా, చరిత్రలో అరుదైన సంగతి కాదు.

వ్యుత్పత్తుల కంటే ఎక్కువ కాలం బతికినది ఒక లేఖక దోషం. క్రీ.శ. 4వ శతాబ్దం చివర జెరోము ఈ పేరును విడదీసి 'సముద్రపు బిందువు' అని లాటినులో అర్థం చెప్పినట్టు పండితుల ఊహ. బిందువుకు లాటిను మాట 'స్టిల్లా'. ప్రతులు రాసినవారి చేతిలో అది 'స్టెల్లా', అంటే నక్షత్రం, అయింది. ఒక్క అచ్చు మారినందువల్ల మరియకు 'సముద్ర నక్షత్రం' అనే బిరుదు లభించింది. నావికులు ఆమెను దిక్కుచూపే తారగా కొలిచారు. తప్పు దిద్దవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

యేసు కాలానికి ఈ పేరు యూదయలో విస్తారంగా వాడుకలో ఉండేది. హేరోదు రాజు క్రీ.పూ. 29లో మరణశిక్ష విధించిన రాణి పేరు కూడా ఇదే. ఆమె హస్మోనియను రాజవంశపు ఆడపడుచు. ఆ కాలపు స్త్రీల పేర్లను సేకరించిన ఇజ్రాయేలు చరిత్రకారిణి తాల్ ఇలాన్ లెక్క ప్రకారం, తెలిసిన స్త్రీలలో దాదాపు సగం మంది మరియలో సలోమీలో. అందుకే సువార్తలు రాసినవారికి మగ్దలేనే మరియ, క్లోపా భార్యయైన మరియ, యాకోబు తల్లియైన మరియ అని ఊరి పేరో, భర్త పేరో, బిడ్డ పేరో జతపరచక తప్పలేదు. మన రెవెన్యూ దస్తావేజులలో పేరు వెంట తండ్రి పేరు, గ్రామం రాయడానికి కారణం కూడా ఇదే కదా!

ఐరోపాలో మరియా, మారీ, మేరీ రూపాలు ప్రసిద్ధమే. వాటికంటే విశేషమైనది భక్తి వల్ల కలిగిన సంకోచం. ఐర్లండులో 'ముయిరే' అనే రూపాన్ని క్రీస్తు తల్లికే కేటాయించి, మనుషులకు 'మాయిరే' అని పెట్టుకున్నారు. స్పెయినులో మాత బిరుదులూ, క్షేత్రాల పేర్లూ ఆడపిల్లల పేర్లయినవి: దోలోరెస్, మెర్సెదెస్, పిలార్. వీటిలో మరియ అన్న ధ్వని లేదు; ఉద్దేశించినది మాత్రం ఆమెనే.

ఇస్లాములో మరియముకు ఉన్నత స్థానం ఉన్నది. ఖురానులో పేరుతో ప్రస్తావితమైన స్త్రీ ఆమె ఒక్కతే. 19వ అధ్యాయం ఆమె పేరు మీదనే ఉన్నది. మొగలు అంతఃపురంలో ఇది గౌరవ బిరుదయింది. అక్బరు తల్లి హమీదా బానూ బేగం 'మరియం మకానీ'. జహంగీరు తల్లి 'మరియం ఉజ్ జమానీ', అనగా తన కాలపు మరియ. ఈ రెండవ బిరుదును చూచి, అక్బరుకు ఒక పోర్చుగీసు క్రైస్తవ భార్య ఉండేదని కొందరు కథ అల్లారు. 1623లో మరణించి, ఆగ్రా సమీపాన సికందరాలో సమాధి చేయబడిన ఆ రాణి అంబరు రాజపుత్ర వంశపు ఆడపడుచు. బిరుదును జన్మనామంగా భ్రమించి మతాన్ని నిర్ణయించడం చరిత్ర రచనలో ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుస్తుంది.

తెలుగునాట ఈ పేరుకు 'అమ్మ' చేరి మరియమ్మ అయింది. గ్రామదేవత మారెమ్మతో దీనికి ధ్వని సామ్యమే గాని పుట్టుకలో సంబంధం లేదు. ఆ దేవత పేరు ద్రావిడ భాషలది. ఆంగ్ల పాలనతో వచ్చిన మేరీ దాని పక్కనే స్థిరపడింది. ఇంట్లో మరియమ్మ, బడి రిజిస్టరులో మేరీ అయిన స్త్రీ రెండు కాగితాలలో ఇద్దరుగా కనిపించడం అరుదు కాదు.

ఇక 1858లో మరియమాత దర్శనాలు జరిగినట్టు భక్తులు విశ్వసించే ఫ్రాన్సు దేశపు లూర్దు పట్టణం పేరు కూడా ఇక్కడికి చేరింది. విజయవాడ గుణదల కొండపై ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే ఉత్సవం ఆ మాతదే. కోస్తా జిల్లాల కథోలిక కుటుంబాలలో లూర్దుమేరి, లూర్దమ్మ అనే పేర్లు వినిపిస్తాయి. లూర్దమ్మలో మరియ శబ్దం లేదు. స్పెయినులో దోలోరెస్‌కు జరిగినదే ఇక్కడా జరిగింది.