మొదటి విల్లు ఎవరిది?

"మొదటి విల్లు ఏది కొనాలి?" అని ఈ ఏడాది నన్ను అడిగినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ రాయదుర్గంలో మెట్రో దిగి అద్దాల బిల్డింగుల్లోకి నడిచి వెళ్ళేవాళ్ళే. శని, ఆదివారాలు నేను ఊరి చివర ఒక రేంజిలో బాణాలు వేస్తుంటానని తెలిసి అడిగారు. అందులో ఒకతను ఇంకో మాట కలిపాడు. అతని క్లయింటు విస్కాన్సిన్‌లో ఉంటాడు, ఏటా చలి మొదలయ్యే రోజుల్లో సెలవు పెట్టి విల్లుతో జింక వేటకి పోతాడు. "మనకి ఇక్కడ అలాంటిది ఏమైనా ఉందా అన్నా?"

లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో ‘ఆయుధం’ అంటే ఏమిటో చెప్పే జాబితా ఒకటి ఉంది. తుపాకులు, పేలుడు మందులు, వలలు, ఉచ్చులు, విషం. వాటి మధ్యలోనే విల్లంబులు. మన దేశంలో విల్లుతో వేటాడటం ఎలా మొదలుపెట్టాలి అన్న ప్రశ్నకి జవాబు ఆ ఒక్క పదంతో అయిపోతుంది.

కానీ విల్లు కొనడం నేరం కాదు, అట్టబోర్డు మీద గురి చూడటం అసలే కాదు. కాబట్టి అడిగిన ముగ్గురికీ చెప్పిందే ఇక్కడా చెప్తాను. ముందు విల్లు గురించి కాదు, కన్ను గురించి తెలుసుకోండి. రెండు అరచేతులూ చాచి మధ్యలో చిన్న సందు పెట్టి, అందులోంచి దూరంగా ఉన్న గడియారాన్నో స్విచ్చునో చూడండి. ఒక కన్ను మూయండి, తర్వాత రెండోది. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే ఉండిపోతుందో అదే మీ పెద్ద కన్ను. చేయి సంగతి తర్వాత. ఆ తర్వాత బారు కొలవాలి. రెండు చేతులూ చాచి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎన్ని అంగుళాలో చూసి 2.5తో భాగిస్తే మీరు వింటినారిని ఎంత దూరం లాగగలరో సుమారుగా తెలుస్తుంది. 66 అంగుళాల బారు ఉన్నవాళ్ళకి 26 పైచిలుకు.

అందరూ తప్పటడుగు వేసేది బరువు దగ్గర. జిమ్ముకి పోయే కుర్రాళ్ళు మొదటిరోజే 40 పౌండ్ల విల్లు కావాలంటారు. పది బాణాలయ్యేసరికి భుజం వణుకుతుంది, గురి పోతుంది, రెండో వారం కనబడరు. 20, 24 పౌండ్లు చాలు. కొమ్మలు విప్పి మార్చుకునే రికర్వ్ విల్లయితే ఒంటికి అలవాటు పడేకొద్దీ బరువైన కొమ్మలు వేసుకోవచ్చు, మధ్యలో పిడి అదే ఉంటుంది. మూడు వేళ్ళతో లాగాలి, బొటనవేలికి పనే లేదు. (ఏకలవ్యుడి దగ్గర ద్రోణుడు తీసుకున్నది ఈ పద్ధతిలో అక్కరకు రాని వేలు. రేంజిలో ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వుతారు, ఎవరో ఒకరు నవ్వరు.)

అయినా వాళ్ళలో ఇద్దరి కళ్ళు కాంపౌండ్ విల్లు మీదే. చక్రాలు, కేబుళ్ళు, చూడగానే ఏదో యంత్రంలా ఉంటుంది. అమెరికాలో మిస్సోరికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ 1966లో పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు, 1969లో వచ్చింది. కిటుకంతా ఆ చక్రాల్లో ఉంది. లాగుతున్నప్పుడు పూర్తి బరువు మోయాలి, చివరికి వచ్చేసరికి ముప్పాతిక పైగా బరువు జారిపోతుంది. ఇంతకీ అది ఎందుకు కావాలి? పొద వెనక జింక కదిలేదాకా వింటినారిని లాగి పట్టుకుని ఆగడానికి. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఏషియన్ క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టింది ఈ రకం విల్లుతోనే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకీ వస్తోంది. వేట కోసం పుట్టిన వస్తువు మన దగ్గర కాగితం మీది పసుపుపచ్చ గుండ్రాన్నే చూస్తుంది.

విస్కాన్సిన్ క్లయింటు ఆటకి ఒక గురువు ఉన్నాడు. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర కబేళా ఆవరణలో ఆకలితో దొరికిన మనిషి. యాహీ తెగలో చివరివాడు, తనవాళ్ళంతా హత్యలకి, ఆకలికి పోగా మిగిలినవాడు. పేరు చెప్పలేదు. వాళ్ళ భాషలో ‘మనిషి’ అనే అర్థమున్న ఇషి అన్న మాటతోనే పిలిచారు. శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఉంచారు. పక్కనే వైద్య కళాశాలలో పనిచేసే సాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు అతని దగ్గర విల్లు చెక్కడం, బాణం వేయడం నేర్చుకున్నాడు. ఇషి 1916లో క్షయతో పోయాడు. పోప్ 1923లో విల్లంబుల వేట మీద పుస్తకం రాశాడు. విస్కాన్సిన్ 1934లో విల్లుతో జింక వేటకి ప్రత్యేక సీజన్ పెట్టింది. నేర్పినవాడి జనం అంతరించారు, నేర్చుకున్నవాడి జనానికి అది వారాంతపు ఆట అయింది.

మన నల్లమలకీ ఒకాయన వచ్చాడు, నోట్‌బుక్కుతో. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచయుద్ధం రావడంతో జర్మన్ పాస్‌పోర్టు ఉన్న ఆయన బ్రిటిష్‌వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడయ్యాడు, హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోవాల్సి వచ్చింది. 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య తిరిగాడు, 1943లో పుస్తకం వేశాడు. వాళ్ళ చేతుల్లో విల్లు ఉంది, బాణాలకి బయట నుంచి తెచ్చుకున్న ఇనుప ములుకులు ఉన్నాయి. కానీ రోజూ కడుపు నింపేది మాంసం కాదు, తవ్వి తీసిన గడ్డలు, దుంపలు. వేట ఎప్పుడో దొరికే పండగ. విల్లు అనగానే మనకి గుర్తొచ్చేది ‘ఆర్‌ఆర్‌ఆర్‌’లో రామ్‌చరణ్ కాబట్టి ఇది కొంచెం చప్పగా అనిపించవచ్చు. మనుచరిత్రలో స్వరోచి వేట చదివినవాళ్ళకీ అంతే. వేటని ఘనంగా రాసుకున్నవాళ్ళు వేట మీద బతికినవాళ్ళు కాదు.

చట్టం కూడా ఆ తేడానే పాటించిందని నాకు అనిపిస్తుంది. 1972లో వేట పూర్తిగా ఆగలేదు. లైసెన్సు తీసుకుంటే కొన్ని రకాల జంతువులని వేటాడవచ్చని ఆ చట్టంలోనే ఉండేది. 1991 సవరణ దాకా ఆ సెక్షన్లు అలాగే ఉన్నాయి. తుపాకీ, డబ్బు, ఆఫీసులో పరిచయం ఉన్నవాడికి పందొమ్మిదేళ్ళ గడువు అన్నమాట. అడవిలో పుట్టినవాడు లైసెన్సు కోసం ఏ బల్ల ముందు నిలబడాలి? తర్వాత 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, అనాదిగా జరిగిన అన్యాయాన్ని సరిదిద్దుతామని పీఠికలోనే చెప్పుకుంది. తేనె, గడ్డలు, మేత, సంప్రదాయ హక్కులు అన్నీ ఇచ్చి, వేట హక్కుని మాత్రం మినహాయించింది. దేశం మొత్తం మీద 1972 చట్టం పేరుపెట్టి వేట హక్కు కాపాడింది నికోబార్ దీవుల గిరిజనులకే.

ఇది తప్పని చెప్పడం అంత తేలిక కాదు. నల్లమలలో పులి మిగిలిందంటే ఈ నిషేధం వల్ల కూడా. చెంచులు మళ్ళీ వేటాడాలని నేను అనడం లేదు, ఆ మాట అనడానికి నేనెవర్ని. అడుగుతున్నది ఒక్కటే, ఈ ఖర్చు ఎవరి ఖాతాలో రాశాం అని. 2025 వసంతంలో మా ఆఫీసులకి దగ్గర్లోనే, కంచ గచ్చిబౌలిలో, 400 ఎకరాల చెట్ల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. నెమళ్ళు అరుస్తున్న వీడియోలు మా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. చట్టంలోని ఆయుధాల జాబితా మళ్ళీ తెరిచి చూశాను. విల్లంబులు ఉన్నాయి. ‘జంతువుని గాయపరచగల ఏ పరికరమైనా’ అని చివర్లో ఉందనుకోండి, బుల్డోజర్ అన్న పేరు మాత్రం లేదు.

శ్రీశైలం రోడ్డులో సుమారు 140 కిలోమీటర్లు వెళ్తే మన్ననూరు వస్తుంది. అది దాటాక ఫరహాబాద్, నిజాంల వేట విడిది ఉన్న చోటు. ఇప్పుడక్కడ సఫారీ జీపులు తిరుగుతాయి. పులుల జాడలు వెతికే పనిలో అటవీశాఖ దగ్గర చెంచు యువకులు ఉన్నారు. మట్టిలో అడుగు చూసి ఏ జంతువో, ఎప్పుడు వెళ్ళిందో చెప్పే చదువు వాళ్ళ తాతలు విల్లు పట్టుకుని తిరిగినప్పటిది. ఆ చదువుకి ఇప్పుడు నెల జీతం ఉంది.