కీమా తక్కువ, కూరగాయలు ఎక్కువ: ఇది ఒరిజినల్ పాస్తా కాదా?

కీమా రేటు చూసి, పాస్తా సాస్‌లో కాస్త క్యారెట్, పుట్టగొడుగులు కలిపితే చాలు, "ఇది ఒరిజినల్ బొలోనీజ్ కాదు బ్రో" అనేవాళ్లు రెడీగా ఉంటారు. సరే, ఒరిజినల్ సంగతే చూద్దాం.

1891లో ఇటలీలో పెల్లెగ్రీనో ఆర్టుసీ ఒక వంటల పుస్తకం అచ్చు వేయించాడు. అందులో బొలోన్యా ఊరి పేరుతో మాంసం సాస్ పాస్తా ఉంది. లెక్క చూడండి: అరకిలో పాస్తాకి దూడ మాంసం 150 గ్రాములు, ఉప్పు పట్టించిన పంది మాంసం 50 గ్రాములు. అంతే! తోడుగా కొంచెం ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ సన్నగా తరిగి, మాంసంతోపాటే వెన్నలో వేయించమన్నాడు. టమాటా అసలు లేదు. ఎండు పుట్టగొడుగులు కలిపితే ఇంకా బాగుంటుందని కూడా రాశాడు.

తర్వాత 1982లో ఇటాలియన్ వంటల అకాడమీ బొలోన్యా చాంబర్ ఆఫ్ కామర్స్‌లో అధికారిక రెసిపీ నమోదు చేసింది. అందులో టమాటా వచ్చి చేరింది. ఆ మూడు కూరగాయలు మాత్రం అలాగే ఉన్నాయి.

అంటే "ఒరిజినల్" కూడా మారుతూనే వచ్చింది. కూరగాయలు మొదటి నుంచీ అందులో ఉన్నవే. కాబట్టి రూమ్‌లో నలుగురుండి కీమా పావుకిలోనే ఉంటే, మొహమాటపడకుండా వండి పెట్టండి!