మునిగిన చెట్లు నేర్పిన గాలం

మా టైలర్ పేరెత్తితే అందరికీ గులాబీలే గుర్తొస్తాయి. 1933లో మొదలైన రోజ్ ఫెస్టివల్ చూడటానికి అక్టోబరులో ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. తూర్పు టెక్సాస్‌లోని ఈ ఊరు గాలం వేసేవాళ్ళకి ఇచ్చింది కూడా తక్కువేం కాదు. ఊరి చరిత్ర చెప్పేటప్పుడు గులాబీల పక్కనే దానికీ చోటుండాలని నా పట్టుదల.

1949లో వాగుకి అడ్డకట్ట వేసి, ఊరి నీటి అవసరాల కోసం లేక్ టైలర్ కట్టారు. సరిగ్గా అదే ఏడాది, ఎక్కడో ఒహాయోలోని ఏక్రన్‌లో, నిక్ క్రీమ్ అనే మెషినిస్టు భార్య కాస్మాతో కలిసి వంటింటి పొయ్యి మీద వినైల్, నూనె, రంగు కాచి మెత్తటి ప్లాస్టిక్ వానపామును పోతపోశాడు. అచ్చు తీసింది నిజం వానపాము నుంచే. ఆ ఎరకి గిరాకీ పెరిగింది. 1960 ప్రాంతానికల్లా ఆయన వ్యాపారం మా ఊరు చేరింది.

ఇక్కడికొచ్చాక ఆ ఎరకి చిక్కొచ్చిపడింది. మొదట్లో దానికి వరసగా మూడు గాలాలుండేవి, మొనలన్నీ బయటికే. ఈ ప్రాంతంలో ఆనకట్టలు కట్టినప్పుడు అడవులు అడవులే నీట మునిగాయి. లార్జ్‌మౌత్ బాస్ ఆ మోళ్ళ సందుల్లోనే, మన కొర్రమీను నాచులో నక్కినట్టు, మాటువేసి ఉంటుంది. చేప ఉన్నచోటే గాలం చెట్టుకి తగులుకునేది. ఆ మొనను ఎర ఒంట్లోనే దాచేసే పద్ధతి లేక్ టైలర్ చుట్టుపక్కల గాలం వేసేవాళ్ళ చేతుల్లోనే రూపుదిద్దుకుంది. లోకమంతా దాన్ని టెక్సాస్ రిగ్ అంటోంది. టైలర్ రిగ్ అని ఉంటే ఎంత బాగుండేదో!

కట్టడం తేలికే కానీ ఓపిక కావాలి. ముందు తూటా ఆకారపు సీసం గుండుని, సన్నటి కొస కర్ర వైపుండేలా దారానికి ఎక్కించాలి. తర్వాత గాలం ముడి. మొనను వానపాము తల కొసలో అర సెంటీమీటరు దింపి పక్కకి తీసి, గాలం కన్ను దాకా జరిపి, అర చుట్టు తిప్పాలి. అప్పుడు ఎరను వేలాడదీసి, గాలం వంపు ఎక్కడికొస్తుందో చూసుకుని అక్కడే గుచ్చాలి. మొన అవతలి తోలు కిందే ఆగాలి. ఎర నిటారుగా వేలాడకపోతే నీళ్ళలో గిర్రున తిరిగి దారాన్ని మెలిపెడుతుంది. అలాంటప్పుడు విప్పి మళ్ళీ గుచ్చడమే మేలు.

ఆరేడు అంగుళాల వానపాముకి 3/0 గాలం సరిపోతుంది. లోతు తక్కువైన చోట మూడు, నాలుగు గ్రాముల గుండు చాలు. దట్టమైన కొమ్మల్లోకి దింపాలంటే బరువు పెంచి, గుండు జారిపోకుండా దాని రంధ్రంలో పన్నుపుల్ల విరిచి బిగిస్తారు. నీళ్ళు తేటగా ఉంటే పుచ్చకాయ తొక్క పచ్చ, మురికిగా ఉంటే నలుపు-నీలం నాకు నమ్మకమైన రంగులు. అయితే రంగు కంటే ముఖ్యం మెత్తదనమే: ఎర నిజం తిండిలా నోటికి తగిలితే బాస్ వెంటనే ఉమ్మేయదు. ఆ కాస్త వ్యవధిలో గట్టిగా లాగితే మొన ప్లాస్టిక్‌ని చీల్చుకుని దవడలో దిగుతుంది.

ఒక్కటి మాత్రం ఇక్కడ గాలం వేసే ప్రతివాళ్ళనీ బతిమాలుకుంటాను. చిరిగిన ఎరను నీళ్ళలోకి విసరకండి. అది కరగదు, చేప మింగితే కడుపులో ఉబ్బుతుంది. జేబులో వేసుకొచ్చి ఒడ్డున చెత్తడబ్బాలో పడేయండి.