పుట్టకముందే పడ్డ స్కోరు



"రాస్తే పైసలొస్తయట, నిజమేనా అన్నా?" అని రఘునాథపల్లి తండాల తమ్ముళ్లు అడుగుతున్నరు. అట్లాంటి సైట్లల్ల బాగా పేరొచ్చింది స్టీమిట్. 2016లో మొదలైంది. అందులో ప్రతి పేరు పక్కన ఒక అంకె ఉంటది, రెప్యుటేషన్ స్కోరు. కొత్తోళ్లకు 25. పోస్టుకు ఓట్లు పడితే పెరుగుతది.

ఇనడానికి మంచిగనే ఉంది. కానీ ఓటు బరువు ఏసినోడు లాక్ చేసి పెట్టిన స్టీమ్ నాణేలను బట్టి ఉంటది. పెద్ద వాటా ఉన్నోడు ఒక్కడు ఏస్తే చాలు, ఏమీ లేని వందమంది ఓట్లను మించిపోతది. ఎనకట పంచాయితీల దొర మాటే తీర్పు అయినట్టన్నమాట. ఓట్లు అమ్మే బాట్లు కూడా వచ్చినయి, పైసలు కట్టి స్కోరు పెంచుకున్నరు. ఇంకో మెలిక ఉంది. నీకన్నా తక్కువ స్కోరున్నోడు వ్యతిరేక ఓటేస్తే నీ స్కోరు కదలదు. ఎక్కువున్నోడు ఏస్తే మాత్రం పడిపోతది. సున్నా కిందికి పోతే నీ రాతలు మరుగున పడేస్తరు. 2020 మార్చిలో కొందరు విడిపోయి హైవ్ పెట్టుకున్నరు. పేరు మారింది గానీ పాత లెక్కలు చాలావరకు అట్లనే ఎంట వచ్చినయి.

ఇదంతా కంప్యూటరోళ్లు కొత్తగా కనిపెట్టిందేం కాదు. మన తాతల పేర్ల పక్కన తెల్లదొరలు ఇంతకన్నా గట్టి స్కోరే రాసిండ్రు.

1871ల క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. ఫలానా తెగ నేరాలకు అలవాటు పడ్డదని సర్కారు ప్రకటిస్తే, ఆ ప్రకటనే తిరుగులేని రుజువు. కోర్టు కూడా ప్రశ్నించొద్దని చట్టంలనే రాసుకున్నరు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ పాకింది. రిజిస్టర్ల పేరు, వేలిముద్రలు, హాజరు. తల్లిదండ్రుల నుంచి పిల్లలను ఏరు చేసే అధికారం కూడా ఇచ్చిండ్రు.

ఎరుకలోళ్ల సంగతి చూడుండ్రి. మన లంబాడోళ్ల లదేణీ లెక్కనే వాళ్లు కూడా ఉప్పు, ధాన్యం మోసుకపోయి ఊరూరా అమ్మి బతికినోళ్లు. రైళ్లు వచ్చినయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, బేరం పోయింది. బేరం పోయి తిరిగేటోడు సర్కారు కంటికి దొంగయిండు. 1913 ప్రాంతంల బాపట్ల దగ్గర వాళ్ల కోసం ఒక సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిండ్రు. మద్రాసు సర్కారు పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద దాన్ని స్టువర్టుపురం అన్నరు. హాజరు చెప్పాలె, బయటికి పోవాలంటే పాసు తీసుకోవాలె. ఆ ఊర్ల పుట్టిన పసిగుడ్డు ఏం దొంగతనం చేసిందని?

81 ఏండ్ల తర్వాత, 1952 ఆగస్టు 31న, ఆ చట్టం రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త దినం అంటరు. కానీ వివిధ రాష్ట్రాలల్ల హేబిచ్యువల్ అఫెండర్స్ చట్టాలు వచ్చినయి, హైవ్ కథలెక్కనే. సినిమాలోళ్లు సరేసరి, 1991లనూ 2023లనూ ఆ ఊరు పేరు చెప్పుకొని దొంగల కథలే తీసిండ్రు. జైలు మాన్యువళ్లల్ల విముక్త జాతుల మీద పాత ముద్ర అట్లనే ఉండిపోయింది. ఆ రాతలు రాజ్యాంగానికి విరుద్ధం, మార్చాలని సుప్రీంకోర్టు చెప్పింది 2024 అక్టోబర్ 3న.